స్టార్టింగ్ బ్యాటరీలు ముక్కులోనా, వెనకనా? ట్విన్ ఔట్‌బోర్డ్ రిగ్గింగ్‌లో తేలని పంచాయితీ

సరంగు:
లెక్క కోసం ఒక బోటు అనుకుందాం. 8.5 మీటర్ల వీ హల్ (అడుగు వీ ఆకారంలో ఉండేది), ట్రాన్సమ్ మీద, అంటే బోటు వెనక గోడ మీద, బయట తగిలించే 300 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజన్లు రెండు. ఇంధనం, మనుషులతో కలిపి 2200 కేజీలు. స్టార్టింగ్‌కి 30 కేజీల ఏజీఎం (సీలు చేసిన లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీలు రెండు. ట్రాన్సమ్ పక్కనే పెడితే కేబుల్ పొట్టిది, ఒకవైపు 1.5 మీటర్లు చాలు. కానీ వెనక ఇప్పటికే దాదాపు అర టన్ను ఇంజన్లు వేలాడుతున్నాయి. ముక్కులోని లాకర్‌కి మారిస్తే బరువు సర్దుకుంటుంది, కేబుల్ 6 మీటర్లవుతుంది. ఏది సరైనదో కారణాలతో చెప్పండి. "అందరూ అలాగే చేస్తారు" అనే జవాబు వద్దు.

అలపోటు:
ముక్కే. 60 కేజీలు 4.5 మీటర్లు ముందుకి జరిపితే 270 కేజీ-మీటర్లు. దాన్ని 2200తో భాగించండి, బరువు కేంద్రం 12 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. ప్లేన్ ఎక్కేటప్పుడు, అంటే బోటు వేగం అందుకుని నీటి మీదకి లేచేటప్పుడు, ముక్కు ఆకాశం చూస్తూ ఉండే సమయం తగ్గుతుంది. ట్రిమ్ (ఇంజన్ వంపు) పైకి కొడుతున్నప్పుడు పోర్పాయిజింగ్ (ముక్కు పైకీ కిందకీ ఊగడం) ఆలస్యంగా మొదలవుతుంది, అంటే ఇంకాస్త ట్రిమ్ వాడుకోవచ్చు. బోటు వెనక అంచున ఉండే ట్యాబ్ పలకలు దించి కూడా ముక్కు అణచొచ్చు, కానీ ట్యాబ్ నీళ్లలో ఉన్నంతసేపూ డ్రాగ్ కట్టాల్సిందే. బ్యాటరీ ఎలాగూ మోసే బరువు, దాన్ని పనికొచ్చే చోట పెట్టుకోండి.

రాగితీగ:
అలపోటు గారి లెక్కలో కేబుల్ లేదు. నేను కలుపుతాను.

70 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ మీటరుకి సుమారు 0.25 మిల్లీ ఓమ్. పోను రాను రెండూ లెక్కేయాలి, చాలామంది ఇక్కడే తప్పుతారు. ట్రాన్సమ్ దగ్గరైతే 3 మీటర్లు, ముక్కులో అయితే 12 మీటర్లు. 200 ఆంపియర్లు లాగుతున్నప్పుడు మొదటిదాంట్లో 0.15 వోల్టు పోతుంది, రెండోదాంట్లో 0.6. ఇది స్టార్టర్ తిరుగుతున్నప్పటి మాట. ఆగి ఉన్న స్టార్టర్ మొదటి కుదుపులో 500 ఆంపియర్లు లాగిందనుకోండి, ముక్కు నుంచి వచ్చే కేబుల్ ఒక్కటే 1.5 వోల్టులు మింగేస్తుంది. అదే క్షణంలో బ్యాటరీ కూడా 10.5కి పడిందంటే ఇంజన్ ఈసీయూకి, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి, చేరేది 9. కీ తిప్పగానే గేజ్‌లు ఆరి వెలగడం, లో వోల్టేజ్ కోడ్ పడటం, ఒక్కోసారి సోలనాయిడ్ (స్టార్టర్‌కి కరెంటు కలిపే స్విచ్) టకటకమని ఊరుకోవడం, అన్నిటికీ మూలం ఇదే. జనం మాత్రం మంచి బ్యాటరీని మార్చేసి, కొత్తదాన్నీ తిట్టుకుంటూ ఉంటారు.

అలపోటు:
కేబుల్ లావు పెంచండి, అంతే కదా. 120 స్క్వేర్ ఎంఎం వేస్తే 12 మీటర్లకి కూడా 0.35 వోల్టే పోతుంది.

రాగితీగ:
120 స్క్వేర్ అంటే రాగి ఒక్కటే మీటరుకి కేజీ పైన. 12 మీటర్ల జత ఇన్సులేషన్‌తో 15 కేజీలకి తగ్గదు. రెండు ఇంజన్లకి 30 కేజీలు. బరువు సర్దడానికి బయల్దేరి మూడో బ్యాటరీని ఎక్కించారు! పైగా ఆ లావు కేబుల్ ఇంజన్ స్టడ్ (కేబుల్ బిగించే బోల్టు) దాకా వెళ్లదు. బోటు నుంచి ఇంజన్‌కి వెళ్లే రిగ్గింగ్ ట్యూబ్‌లో స్టీరింగ్ హోసులు, ఫ్యూయల్ లైను, హార్నెస్ (తీగల కట్ట) పోగా దానికి చోటుండదు. ట్రాన్సమ్ దగ్గర స్టడ్ పెట్టి ఇంజన్‌తో వచ్చిన కేబుల్‌కి కలపాలి. తడి తగిలే చోట, అదురు ఎక్కువ ఉన్న చోట, ఇంజన్‌కి రెండు చొప్పున అదనపు జాయింట్లు.

అలపోటు:
రెండు ఇంజన్లనీ ఒకేసారి ఎవరూ క్రాంక్ చెయ్యరు. కాబట్టి నెగటివ్ ఒక్కటే లావుగా తెచ్చి వెనక బస్‌బార్ (కేబుళ్లు కలిపే లోహపు పట్టీ) మీద పంచుకుంటే 7 కేజీలు మిగులుతాయి.

చుక్కాని:
అది మాత్రం చెయ్యకండి. ఆ ఒక్క లగ్ (కేబుల్ చివరి లోహపు కొన) వదులైందంటే రెండు ఇంజన్లూ ఒకేసారి పోతాయి. రెండు ఇంజన్లు పెట్టుకున్నదే ఒకటి పోయినా ఒడ్డు చేరడానికి.

విడివిడి నెగటివ్‌లు వేసినా ఒక చిక్కుంది. ఎడమ ఇంజన్ నెగటివ్ లగ్ వదులైందనుకోండి. కీ తిప్పితే కరెంటు తిరుగుదారి వెతుక్కుంటుంది. డిజిటల్ హార్నెస్‌లోని సన్నటి గ్రౌండ్ తీగ ద్వారానో, గేజ్ నెట్‌వర్క్ షీల్డ్ ద్వారానో, షిఫ్ట్ కేబుల్ ఉక్కు తొడుగు ద్వారానో రెండో ఇంజన్ బ్లాక్‌కి చేరి, అక్కడ్నుంచి బ్యాటరీకి వెళ్తుంది. 5 ఆంపియర్లకి వేసిన తీగలో 200 ఆంపియర్లు. అది ఎర్రబడదు, సరాసరి కాలిపోతుంది, పక్కన ఉన్న కట్ట మొత్తాన్నీ కాలుస్తుంది. అందుకే బ్యాటరీ ఎక్కడున్నా రెండు ఇంజన్ల బ్లాక్‌ల మధ్య, అలాగే రెండు బ్యాటరీల నెగటివ్ పోస్టుల మధ్య, స్టార్టర్ కేబుల్ లావులోనే ఒక్కో కలుపుడు కేబుల్ ఉండాలి. "వేరే బ్యాటరీ కదా, ఎందుకు?" అని వదిలేసేది దీన్నే.

ఇక ముక్కు విషయం. నా ఓటు దానికి వ్యతిరేకం, కానీ వోల్టేజ్ కోసం కాదు. అల దెబ్బ ముక్కు దగ్గరే అన్నిటికంటే గట్టిగా తగులుతుంది. ప్లేట్లు పొడిరాలేది అక్కడే, ట్రే స్క్రూలు ఊడేది అక్కడే. బ్యాటరీ మీద దాదాపు 40 కేజీల బలం పెట్టి లాగినా 25 మిల్లీమీటర్లకి మించి కదలకూడదనే ఏబీవైసీ (అమెరికాలో బోట్ల ప్రమాణాలు రాసే సంస్థ) నియమం మామూలు బోట్లకే. వేగంగా గాల్లోకి లేచి పడే బోటుకి పట్టీతో ఉన్న ప్లాస్టిక్ పెట్టె ఏమాత్రం చాలదు, స్ట్రింగర్‌కి (హల్ లోపల పొడవునా ఉండే దూలానికి) బోల్టు కొట్టిన లోహపు బ్రాకెట్ కావాలి. ఇంకోటి, ముక్కు బరువెక్కితే తక్కువ వేగంలో బాగుంటుంది కానీ పై వేగంలో తడిసే హల్ ఎక్కువవుతుంది. వెనక నుంచి అల తోస్తున్నప్పుడు ముక్కు దిగబడి బోటు పక్కకి లాగుతుంది.

కొత్తనీరు:
లిథియం పెడితే ఈ గొడవే ఉండదు కదా? 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 12 కేజీల లోపే.

రాగితీగ:
బరువు వరకు నిజమే. కానీ హౌస్ వాడకం (లైట్లు, పంపుల వంటివి) కోసం చేసిన 100 ఏహెచ్ లిథియంలో బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) సాధారణంగా 100 ఆంపియర్ల దగ్గరే నిలకడగా ఇస్తుంది. స్టార్టర్ లాగగానే కట్ చెయ్యొచ్చు. అంతకన్నా చెడ్డది, ఇంజన్ తిరుగుతుండగా బీఎంఎస్ తెగితే ఆల్టర్నేటర్ కరెంటుకి పోయే చోటు లేక వోల్టేజ్ ఎగబాకి డయోడ్లని, దొరికితే ఈసీయూనీ తీసుకుపోతుంది. ఇంజన్ మ్యాన్యువల్ ఒప్పుకుంటేనే, స్టార్టింగ్ కోసం చేసినదే వాడాలి. మామూలు బ్యాటరీ స్విచ్‌ని ఇంజన్ నడుస్తుండగా ఆఫ్ చేస్తే జరిగేదీ ఇదే.

సరంగు:
మధ్యేమార్గం? హెల్మ్ సీటు (బోటు నడిపేవాళ్ల సీటు) కింద పెడితే ఒకవైపు 3.5 మీటర్లు.

రాగితీగ:
నేను పెట్టేది అక్కడే. పోను రాను 7 మీటర్లు, 70 స్క్వేర్‌తో 200 ఆంపియర్ల దగ్గర 0.35 వోల్టు. బరువు కేంద్రం 5 సెంటీమీటర్ల పైన ముందుకొస్తుంది. అల దెబ్బ సగటు. టిన్ పూసిన సన్నపోగుల కేబుల్, హెక్స్ డైతో నొక్కిన లగ్, పైన జిగురున్న హీట్ ష్రింక్. లగ్‌లో సోల్డర్ పోసేవాళ్లకి ఒక మాట: అది పోగుల్లోకి పాకి కేబుల్‌ని కర్రలా చేస్తుంది, ఆ కర్ర ఆగిన చోటే అదురుకి తెగుతుంది. ప్రతి 450 మిల్లీమీటర్లకి ఒక క్లాంప్. పోస్టు మీద స్టార్టర్ లగ్ అన్నిటికన్నా అడుగున, రెక్కల నట్టు తీసేసి నైలాక్ నట్టు. బిల్జ్ పంపులాగా ఎప్పుడూ లైవ్‌లో ఉండే తీగలకి ఫ్యూజ్ పోస్టు నుంచి 175 మిల్లీమీటర్ల లోపు.

తర్వాత కొలవండి. మీటరు ఒక మొన బ్యాటరీ పాజిటివ్ పోస్టు సీసం మీదే పెట్టండి, లగ్ మీద కాదు. రెండోది స్టార్టర్ స్టడ్ మీద. క్రాంక్ చేస్తున్నప్పుడు చదవండి. అలాగే ఇంజన్ బ్లాక్ నుంచి నెగటివ్ పోస్టుకి. రెండూ కలిపి లెక్కకన్నా 0.2 వోల్టు ఎక్కువొస్తే స్విచ్‌నో క్రింప్‌నో అనుమానించండి. లాన్యార్డ్ (ఇంజన్‌ని ఆపే భద్రతా తాడు) తీస్తే కొన్ని ఇంజన్లు అసలు క్రాంకే చెయ్యవు, కాబట్టి అంటుకోకుండా తిప్పడం ఎలాగో మ్యాన్యువల్‌లో చూసుకోండి.

అలపోటు:
హెల్మ్ కింద 5 సెంటీమీటర్లతో సరిపెట్టుకునే హల్ ఉంది, సరిపెట్టుకోని హల్ ఉంది. ప్యాడ్ (అడుగున చదునైన పట్టీ) ఉన్న వీ హల్‌కి, మామూలు డీప్ వీకి ఒకే జవాబు రాదు.

చుక్కాని:
దానికి కేబుల్ కొయ్యకముందే జవాబు దొరుకుతుంది. బ్యాటరీలు ఇప్పుడున్న చోటే ఉంచి, 30 కేజీల ఇసుక మూటలు రెండు హెల్మ్ కింద కట్టి ఒక పరుగు, ముక్కు లాకర్‌లో కట్టి ఒక పరుగు, మూటలు ట్రాన్సమ్ దగ్గర కట్టి ఒక పరుగు. ట్యాంకులో ఇంధనం, మనుషులు, ప్రాప్, ఇంజన్ ఎత్తు మార్చకండి. రాసుకోవాల్సినవి మూడే: ప్లేన్ ఎక్కడానికి పట్టిన సెకన్లు, పోర్పాయిజింగ్ మొదలైనప్పటి ట్రిమ్ అంకె, జీపీఎస్‌లో పై వేగం. రెండు దిక్కులా నడిపి సగటు తీయండి, లేకపోతే గాలినే కొలిచినట్టవుతుంది.

అలపోటు:
ఒప్పుకుంటాను. మూటలు మాత్రం స్ట్రింగర్ ఐలెట్లకి రాచెట్ పట్టీతో కట్టండి, తాడుతో కాదు. మొదటి అలకే మూట జరిగితే ఆ పరుగు అంకెలు చెత్తబుట్టకే.

సరంగు:
సరే, ముందు మూటలు. అంకెలు ఇక్కడే పెడతాను. అప్పటిదాకా 70 స్క్వేర్ కేబుల్ చుట్ట విప్పను.