నేరస్థలంలో దొరికేది ఆనవాలా, ఆధారమా, సాక్ష్యమా?

సబ్ ఎడిటర్: మేం రోజూ రాసే వాక్యమే ఇది. ‘క్లూస్ టీమ్ ఘటనా స్థలంలో ఆధారాలు సేకరించింది.’ డెస్కులో ఒకరు దీన్ని ‘సాక్ష్యాలు’ అని దిద్దుతారు, మరొకరు మళ్లీ ‘ఆధారాలు’ చేస్తారు. నేను ‘ఆనవాళ్లు’ అని రాస్తే పాతకాలపు మాట అని కొట్టేశారు. ఈ మూడూ ఒకటేనా? ఆ పని తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

ల్యాబ్ మనిషి: ఒకటి కాదండీ. గుమ్మం ముందు బురదలో ఒక బూటు అచ్చు కనిపించిందనుకోండి. అప్పటికది ఆనవాలు మాత్రమే. దొంగది కావచ్చు, పక్కింటాయనది కావచ్చు, కేకలు విని పరుగెత్తుకొచ్చిన కానిస్టేబుల్‌ది కూడా కావచ్చు. దాన్ని చెదరకుండా ఎత్తి, అనుమానితుడి బూటుతో పోల్చి చూడాలి. అడుగుభాగంలో అరుగుదల, కోతలు, గీతలు కలిస్తే అప్పుడది ఆధారం. కోర్టులో అవతలి లాయరు ప్రశ్నలకు తట్టుకుని నిలబడితే సాక్ష్యం.

ఆ ఎత్తడం కూడా తేలిక కాదు. కెమెరాను అచ్చుకి సరిగ్గా పైన నిలువుగా పెట్టాలి, పక్కన స్కేలు ఉండాలి. టార్చిని నేలకి దగ్గరగా, ఏటవాలుగా పట్టుకుని ఒక్కో వైపు నుంచి ఒక్కో ఫొటో తీస్తారు. పై నుంచి వెలుగు వేస్తే గీతలు కనిపించవు. ఆ తర్వాత డెంటల్ స్టోన్ (పళ్ల డాక్టర్లు అచ్చులకు వాడే, గట్టిపడే జిప్సం) పొడిని నీళ్లలో జారుగా కలిపి, అచ్చు మీద కుమ్మరించకుండా పక్కన పోసి దానంతటదే లోపలికి పారేలా చూస్తారు. గట్టిపడ్డాక పైకి తీస్తారు. అంటుకున్న మట్టిని అక్కడే దులపకూడదు. ల్యాబ్‌లో చూసుకుంటాం.

తెలుగు పంతులు: ఆనవాలు పాతమాట ఎలా అవుతుందండీ? ‘ఆనవాలు పట్టాడు’ అని ఇప్పటికీ అంటున్నాం కదా. హనుమంతుడు సీతమ్మకు చూపిన ఉంగరం ఆనవాలే. దాని మీద రాముడి పేరు చెక్కి ఉంది, అందుకే పనికొచ్చింది. ఎవరిదో గుర్తుపట్టించేది ఆనవాలు. ఇక సాక్షి అంటే కళ్లారా చూసినవాడు. ఆ మాటలోనే ‘అక్షి’ ఉంది. బూటు అచ్చుకు కళ్లెక్కడివి? దాన్ని సాక్ష్యం అనడమే నాకు మింగుడుపడదు.

ల్యాబ్ మనిషి: పంతులుగారూ, అందుకే దాని తరఫున మనిషి బోనెక్కుతాడు. ఎవరు చూశారు, ఎవరు తీశారు, ఏ కవరులో పెట్టి సీలు వేశారు, ఎవరి చేతికిచ్చారు, అన్నీ తేదీ, టైముతో సహా చెప్పాలి. మధ్యలో ఒక్క సంతకం లేకపోయినా లాయరు అక్కడే పట్టుకుంటాడు.

సబ్ ఎడిటర్: అచ్చుల సంగతి సరే. డీఎన్ఏ దొరికితే నేరుగా ఆధారమే కదా?

ల్యాబ్ మనిషి: అక్కడే పప్పులో కాలేశారు జర్మనీలో. 2007లో హైల్‌బ్రాన్‌లో ఒక పోలీసు అధికారిణి హత్య జరిగింది. అక్కడ దొరికిన స్త్రీ డీఎన్ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో ఒకదానితో ఒకటి పొంతన లేని నేరాల్లోనూ కనిపిస్తూ వచ్చింది. సుమారు 40 చోట్ల! ఆ ‘హంతకురాలి’ కోసం గాలించారు. 2009లో తేలిందేమిటంటే, నమూనాలు తీసే దూది పుల్లల తయారీలో పనిచేసిన మహిళ డీఎన్ఏ అది. పుల్లలు స్టెరైలే. కానీ స్టెరైల్ అంటే క్రిములు లేవని, డీఎన్ఏ లేదని కాదు. దొరికిన ప్రతిదాన్నీ ‘ఆధారం’ అనేస్తే ఇలాగే అవుతుంది.

మంచి ఆనవాలునీ మనమే పాడుచేస్తాం. రక్తం అంటిన చొక్కాని తడి మీదే ప్లాస్టిక్ కవర్లో కడితే బూజు పట్టి డీఎన్ఏ దెబ్బతింటుంది. ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలి. నిప్పు పెట్టిన చోటి బూడిదైతే ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. కాగితంలో పెడితే పెట్రోలు ఆవిరి ఎగిరిపోతుంది, గాలి చొరని డబ్బా కావాలి.

తెలుగు పంతులు: మరి లోపలికి ముందు వెళ్లేది ఎవరు? మీ క్లూస్ టీమా?

ల్యాబ్ మనిషి: కాదండీ. ప్రాణం ఉన్నవాళ్లుంటే ముందు డాక్టరు. అచ్చులు పోతే పోయాయి. ఆ తర్వాత టేపు కట్టాలి, అదీ అవసరమనుకున్న దానికంటే దూరంగా. తర్వాత కుదించుకోవచ్చు గానీ, జనం తొక్కేసిన నేలను వెనక్కి తేలేం. రాకపోకలకు ఒకటే దారి, వెళ్లిన ప్రతివాడి పేరూ రిజిస్టర్లో ఎక్కాలి. పెద్ద ఆఫీసరైనా సరే. నిజానికి వాళ్లతోనే ఎక్కువ తంటా.

సబ్ ఎడిటర్: అయితే అక్కడ తీసుకున్నవి ఆనవాళ్లు, ల్యాబ్‌కి పంపినవి నమూనాలు. ఇలా రాస్తాను. ‘ఇంట్లోవాళ్ల వేలిముద్రలు తీసుకున్నారు’ అన్న వాక్యం కూడా ఇవాళ్టి వార్తలో ఉంది. అది సరేనా?

ల్యాబ్ మనిషి: అలాగే వదిలేస్తే చదివినవాళ్లు ఇంట్లోవాళ్లనే అనుమానిస్తారు. బీరువా మీద వాళ్ల ముద్రలు ఎలాగూ ఉంటాయి. వాటిని పక్కకు తీసేస్తే మిగిలేది బయటివాడిది. ‘పోల్చి పక్కన పెట్టడానికి’ అని ఒక ముక్క కలపండి.