కంతులు ఆగాయని ఫైనాన్స్ వాళ్లు రోడ్డు మీదే ఆటో పట్టుకెళ్లారు, ఏం చేయాలి?

సరకు ఆటో ఇంటావిడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఆయన ఫైనాన్స్ మీద సరకు ఆటో తీసుకున్నారు. 36 కంతుల్లో 25 కట్టేశాం. ఆయనకి హెర్నియా ఆపరేషన్ జరగడంతో రెండు కంతులు ఆగాయి. మొన్న మా మరిది బండి నడుపుతుంటే పెట్రోల్ బంకు దగ్గర ఇద్దరు మనుషులు అడ్డగించి, తాళం లాక్కుని బండి తీసుకెళ్లిపోయారు. చేతికి ఒక్క కాగితం ఇవ్వలేదు. ఆయన లైసెన్సు, ఆసుపత్రి బిల్లులు, టార్పాలిన్ అన్నీ బండిలోనే ఉన్నాయి. ఆఫీసుకి వెళ్తే రెండు కంతులతో పాటు సీజింగ్ ఖర్చు, యార్డు అద్దె కూడా కట్టాలన్నారు. కట్టకపోతే వారంలో వేలం వేస్తామన్నారు. అగ్రిమెంటు కాపీ మాకు ఎప్పుడూ ఇవ్వలేదు. ఇలా లాక్కెళ్లే హక్కు వాళ్లకి ఉందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కుర్ర డ్రైవర్

కోర్టు ఆర్డర్ లేకుండా బండి ముట్టుకోకూడదు అక్కా. స్టేషన్లో దొంగతనం కేసు పెట్టండి.

పాత కలెక్షన్ ఉద్యోగి

తమ్ముడూ, నీ ఆవేశం అర్థమైంది కానీ ఆ సలహా నమ్ముకుంటే ఈ వారం కాస్తా స్టేషన్ చుట్టూ తిరగడానికే సరిపోతుంది. నేను చాలా ఏళ్లు ఒక ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ చూశాను. ఇప్పుడు ఇలాంటి వాళ్లకి ఫిర్యాదులు రాసిపెడుతుంటాను.

హైర్ పర్చేజ్ ఒప్పందంలో, అంటే కంతులు కడుతూ బండి వాడుకునే ఒప్పందంలో, ఆఖరి కంతు కట్టేదాకా బండికి యజమాని ఫైనాన్స్ కంపెనీయే. కంతులు ఆగితే ఒప్పందం ప్రకారం బండి తీసుకోవచ్చని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంతమాత్రాన ఎలాగైనా లాక్కెళ్లొచ్చని కాదు. గూండాలని పెట్టి బెదిరించి బండ్లు గుంజుకోవడం కుదరదని అదే కోర్టు 2007లోనే గట్టిగా చెప్పింది. మీ మరిదిని కొట్టినా, తిట్టినా, బెదిరించినా దాని మీద తప్పకుండా పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. బంకులో కెమెరా ఉంటుంది. పాత రికార్డింగ్ చెరిగిపోకముందే దాన్ని భద్రపరచమని బంకు వాళ్లకి రాసివ్వండి.

అమ్మా, మీ బలమంతా ఆ అగ్రిమెంటు కాపీలోనే ఉంది. అప్పు ఇచ్చేటప్పుడే కాపీ ఇవ్వాలని ఫైనాన్స్ కంపెనీలకి రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. బండి తీసుకునే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, ఏ పరిస్థితుల్లో నోటీసు అక్కర్లేదు, వేలానికి ముందు బాకీ కట్టడానికి ఆఖరి అవకాశం ఎలా ఇవ్వాలి, కడితే బండి ఎలా తిరిగివ్వాలి, ఇవన్నీ అందులో రాసి ఉండాలి. వేలం అని నోటితో బెదిరించేవాళ్లు ఈ షరతులు చూపించమంటే నీళ్లు నమలడం నేను చాలాసార్లు చూశాను.

కాబట్టి ఈరోజే కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టండి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. అగ్రిమెంటు కాపీ, ఖాతా స్టేట్‌మెంటు, బండిలో దొరికిన వస్తువుల జాబితా అడగండి. రెండు కంతులు కట్టడానికి సిద్ధంగా ఉన్నామని, ఈలోగా వేలం ఆపమని రాయండి. కట్టడానికి సిద్ధమని రాయడం ముఖ్యం, రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ నిజాయితీకి అదే సాక్ష్యం. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి, ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. మరీ చిన్న కంపెనీలు మాత్రం దాని పరిధిలోకి రావు.

లారీ శ్రీమతి

మా లారీ విషయంలో మేం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాం. వేలం వారంలో ఉంటే అంబుడ్స్‌మన్ కోసం ఆగొద్దు చెల్లీ. కేసు తేలేలోగా వేలం ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం కమిషన్‌కి ఉంది. ఫిర్యాదుతో పాటే దానికీ దరఖాస్తు పెట్టండి. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, లాయర్ ఉండాలన్న నియమం లేదు. 5 లక్షల లోపు లావాదేవీకి ఫీజు లేదు.

ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. ఆటో మీ ఆయన స్వయంగా నడుపుకునే జీవనోపాధి అని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. వ్యాపారం కోసం కొన్నవాళ్లు చట్టం ప్రకారం వినియోగదారులు కారు, స్వయం ఉపాధి కోసం కొన్నవాళ్లు అవుతారు. అవతలి లాయర్ మొదట పట్టుకునేది దీన్నే. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే గొడవలని కోర్టు బయట మధ్యవర్తే (ఆర్బిట్రేటర్) తేల్చాలన్న షరతు, ఉందని కూడా అంటారు. అది ఉన్నా కమిషన్ మీ కేసు వినొచ్చు. కానీ ఆర్బిట్రేటర్ నుంచి నోటీసు వస్తే పక్కన పడేయకుండా జవాబివ్వండి.

సరకు ఆటో ఇంటావిడ

మీ అందరికీ చాలా థ్యాంక్స్. ఈమెయిల్ పంపించాం, పోస్టు రసీదు కూడా దాచాం. కాసేపటికే ఆఫీసు నుంచి ఫోన్ చేసి, వచ్చి సెటిల్ చేసుకోమన్నారు. వాళ్లు అడిగిన సీజింగ్ ఖర్చు కట్టేస్తే మా హక్కు పోతుందా? నోటీసు ఇవ్వనందుకు నష్టపరిహారం ఎంత రావచ్చు?

పాత కలెక్షన్ ఉద్యోగి

బండి లేక రోజు కూలి పోతోంది కాబట్టి కట్టి విడిపించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అయితే అభ్యంతరంతో కడుతున్నామని ముందు ఈమెయిల్‌లో రాసి, తర్వాత ఆన్‌లైన్లోనే కట్టండి. ప్రతి ఖర్చుకీ విడిగా రసీదు అడగండి. ఆలస్య రుసుము మీద మళ్లీ వడ్డీ వేశారేమో స్టేట్‌మెంటులో చూడండి, అలా వేయకూడదని 2023లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. పరిహారం మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. నేను చెప్పిన 2020 కేసులో నోటీసు లోపానికి దక్కింది చిన్న మొత్తమే.

ఆఫీసులో ఒక కాగితం ముందు పెడతారు, బండి మా ఇష్టంతోనే అప్పగించాం అని ఉంటుంది. దాని మీద మీరు గానీ, మీ ఆయన గానీ, మీ మరిది గానీ సంతకం పెట్టొద్దు. పెట్టకపోతే బండి ఇవ్వం అని వాళ్లంటే ఆ మాటే ఈమెయిల్‌లో రాసి పంపమనండి.