పాత చిత్రికకి 25,000 అట! ఈ ధరలు ఎవరు కడుతున్నారు?

కావలి మాస్టారు

నమస్కారం. నాది కావలి, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మా నాన్న వడ్రంగి. 1989 నవంబరు తుఫానుకి మా పనికొట్టం కూలిపోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బురదలోంచి బయటపడిన పనిముట్లన్నీ నాన్న గోనెసంచిలో వేసి ఎవరికో ఇచ్చేశాడు. ఎంతకిచ్చాడో అమ్మకి కూడా చెప్పలేదు. అందులో ఒక ఇనప తోపడ ఉండేది. చెక్కని నున్నగా చేసే చిత్రిక అంటారే, అదే. దాని ముందుభాగం మీద ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండేవి. నేను వాటి మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే 'బెయిలీ' అని పడేది. నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు మాట అదేనేమో.

ఈ మధ్య సెలవు రోజుల్లో పీటలు, చిన్న స్టూళ్లు చేయడం మొదలుపెట్టాను. అట్లాంటి చిత్రిక ఒకటి కొనాలని ఆరు నెలలుగా ఫోనులో పాత సామాన్ల ప్రకటనలు చూస్తున్నాను. చూసి చూసి తలనొప్పి వచ్చింది. తుప్పు పట్టిన చేతి రంపం 9,000. సింగర్ కుట్టుమిషను 'వందేళ్ల యాంటిక్', 2 లక్షలు. మూత విరిగిన భోషాణం 85,000, పైగా 'బేరం లేదు, టైంపాస్ వాళ్లు ఫోన్ చేయొద్దు' అని హెచ్చరిక.

పోయిన ఆదివారం కోవూరు దగ్గర ఒక చిత్రిక ఉందంటే బండి వేసుకుని పోయాను. స్టాన్లీ అనే కంపెనీది, నంబర్ 5. మా నాన్నదీ ఇంతే పొడవు. చేతిలోకి తీసుకుంటే బరువు కూడా గుర్తొచ్చింది. కానీ వెనకపిడి విరిగితే ఎం-సీల్ పెట్టి అతికించారు. లోపలి బ్లేడు అసలుది కాదు, ఏదో లోకల్ బ్లేడు కోసి పెట్టినట్టుంది. అడుగున బ్లేడు బయటికొచ్చే నోటి దగ్గర చిన్న పెచ్చు ఎగిరిపోయింది. ధర 25,000.

"ఎట్టా సార్ ఇంత?" అని అడిగితే ఆ అబ్బాయి ఫోను తీసి చూపించాడు. "అమెరికాలో లక్ష పలుకుతా ఉండాది సార్, మీరు తెలుగోళ్లని పాతికకిస్తా ఉండా" అన్నాడు. నేను 1,800 ఇస్తానన్నాను. మొహం మాడ్చుకున్నాడు. ఇంటికొచ్చి మెసేజ్ పెడితే బ్లాక్ చేసి ఉన్నాడు.

నేను అడిగింది అంత తప్పా? అసలు ఇట్లాంటి వాటికి న్యాయమైన ధర ఎంతో ఎట్లా తెలుసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు రైలుపేట

మాస్టారూ, మా పక్క వీధిలో ఒకాయన పాత వాల్వు రేడియోకి 60,000 పెట్టాడు. ప్రకటన మొదటి ఫొటోలో రేడియో పక్కన పిల్లికూన ఉంది. నెలకోసారి కొత్త ఫొటో పెట్టి మళ్లీ పోస్ట్ చేస్తాడు. ఇప్పటి ఫొటోలో ఆ కూన పెద్దదై రేడియో మీదే పడుకుని ఉంది. ధర మాత్రం అదే 60,000.

స్టోన్‌హౌస్‌పేట పాతసామాను

తమ్ముడూ, నేను నెల్లూరులో ఇరవై రెండేళ్లుగా పాత తలుపులు, ద్వారబంధాలు, మంచాలు, బీరువాలు కొని అమ్ముతున్నాను. కూలగొట్టే మిద్దెలు, పెంకుటిళ్ల దగ్గరికి లారీతో పాటు నేనూ పోతా. నువ్వు అడిగింది తప్పు కాదు. ఆ చిత్రిక నా దగ్గరికొస్తే 1,000, మహా అయితే 1,500కి కొంటా. పిడి, బ్లేడు సరిచేసి 2,500కి అమ్ముతా. కొత్త స్టాన్లీ చిత్రికే 25,000 కన్నా చాలా తక్కువకి దొరుకుతోంది కదా.

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, తప్పు చూశాడంతే. స్టాన్లీ వాళ్లు 1869లో లెనార్డ్ బెయిలీ అనే ఆయన దగ్గర పేటెంట్లు కొని ఈ రకం చిత్రికలు చేయడం మొదలుపెట్టారు. నంబరును బట్టి సైజు. నంబర్ 5 అంటే సుమారు 14 అంగుళాలు. నంబర్ 4, నంబర్ 5 లక్షల్లో తయారయ్యాయి, లోకమంతా ఉన్నాయి. నంబర్ 1 అని ఒకటుంది, ఐదున్నర అంగుళాలే, బొమ్మలాగా ఉంటుంది. అది అరుదు. అమెరికాలో సేకరించేవాళ్లు దానికి వెయ్యి డాలర్ల దాకా పెడతారు. మనవాళ్లు 'స్టాన్లీ' అని కొడితే ముందు అదే కనపడుతుంది. ఆ వెయ్యి డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని నంబర్ 5కి తగిలిస్తారు. నువ్వు చూసిన చిత్రిక మీద 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉందేమో చూడు. ఉంటే అది షెఫీల్డ్ సరుకు. పనికి బంగారం, సేకరించేవాళ్లు మాత్రం ఎగబడరు.

ఇంకో సంగతుంది. అడిగే ధర వేరు, తెగిన ధర వేరు. ఈ యాప్‌లలో బేరం తెగిన వస్తువు ప్రకటన తీసేస్తారు. తెగనివే నెలల తరబడి వేలాడుతుంటాయి. కొత్తగా అమ్మాలనుకున్నవాడు ఏం చూసి ధర పెడతాడు? ఆ వేలాడేవాటిని చూసే కదా! ఒకడు 60,000 అంటే ఇంకొకడు నాది ఇంకా పాతది అని 75,000 పెడతాడు. ఇద్దరిదీ అమ్ముడుపోదు. మూడోవాడు ఆ ఇద్దర్నీ చూసి 'మార్కెట్ రేటు 70' అంటాడు. ఈబేలో అయితే అమ్ముడుపోయినవి మాత్రమే చూపించమని అడగొచ్చు. చిత్రికల వరకు అక్కడ చూడు, ఏ రేటుకి తెగుతున్నాయో అర్థమవుతుంది.

భోషాణం సంగతి చెప్తా, నేను లెక్కకట్టే పద్ధతి ఇదీ. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అనుకో. ఆరు ముఖాలూ కలిపి 40 చదరపు అడుగులు. అంగుళం మందం చెక్క అయితే 40ని 12తో భాగించు. మూడుంబాతిక చిల్లర ఘనపుటడుగులు. పాత టేకు ఘనపుటడుగు 2,500 వేసుకున్నా చెక్క విలువ 8,300 చిల్లర. ఇత్తడి గొళ్లేలు, మూలబిళ్లలు ఉంటే వాటిని కాటా వేసి కలుపు. నగిషీ బాగుంటే, చెద తగలకుండా ఉంటే ఇంకో పదో పదిహేనో వెయ్యి. అది మూత విరిగింది అంటున్నావు. 85,000 ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రతివాడూ 'బర్మా టేకు' అంటాడు. ఉంది, కాదనను. బర్మా 1937 దాకా మన బ్రిటిష్ ఇండియాలోనే ఉండేది, అక్కడి టేకు ఓడల్లో మద్రాసుకి దిగేది. కానీ వెనక్కి తిప్పి చూస్తే ప్లైవుడ్ కొట్టి ఉంటుంది, అది కూడా బర్మాదేనా అంటే మాట్లాడడు. మొన్న ఒకాయన 150 ఏళ్ల పెట్టె అని ఫొటో పంపాడు. మడతబందులకి స్టార్ స్క్రూలు ఉన్నాయి. అవి మార్కెట్లోకి వచ్చిందే 1930లలో. తర్వాత మార్చారేమో అంటే సరే, మార్చినట్టు చెప్పాలి కదా. నేనైతే ముందు సొరుగు బయటికి లాగి మూలలు చూస్తా. చెక్కలో చెక్క పళ్లు దిగి ఉంటే, మేకు లేకుండా చెక్క సీల కొట్టి ఉంటే కూర్చుని మాట్లాడతా. లేకపోతే టీ తాగి వచ్చేస్తా.

దమ్మాం రిటర్న్ (ఆత్మకూరు)

సింగర్ మిషను 2 లక్షలు అంటే నవ్వొచ్చింది. నేను 2009లో సౌదీలో డ్రైవరుగా ఉన్నా. అప్పుడు అక్కడ ఒక పుకారు లేచింది. పాత సింగర్ మిషను సూదిలో ఎర్ర పాదరసం ఉంటుందట, దాంతో గుప్తనిధులు కనిపెట్టొచ్చట. సెల్‌ఫోను దగ్గర పెడితే లైను కట్ అయితే పాదరసం ఉన్నట్టేనట. మిషన్లు వేల రియాళ్లకి ఎగబాకాయి. 2 లక్షల రియాళ్లని కూడా అన్నారు. మా కఫీలు (అక్కడ నాకు పనిచ్చిన యజమాని) చుట్టం ఒకామె ఇంట్లో ఉన్న మిషనుని ఎవరూ ఎత్తుకుపోకుండా మంచం కింద పెట్టుకుంది. పోలీసులు అదంతా మోసమని చెప్పాక ఒక్కసారిగా చల్లబడింది. అట్లాంటి పాదరసమే లేదు.

ఆ పుకారు చచ్చినా దాని ధర బతికే ఉంది. మన దగ్గర బియ్యాన్ని లాగుతాయని చెప్పి అంటగట్టే రైస్ పుల్లింగ్ చెంబులు, ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకి లక్షలు అనే వీడియోలు, అన్నీ ఆ తాను ముక్కలే. నోట్లు, నాణేల మోసాల మీద రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక ఇవ్వాల్సొచ్చింది.

మీరు చూసిన మిషను మోడల్ నంబరు పక్కన కె అని ఉంటే అది స్కాట్లండు క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. లక్షల మిషన్లు చేశారక్కడ. మా అత్తగారింట్లో అట్లాంటిదొకటి ఇప్పటికీ జాకెట్లు కుడుతోంది.

కందుకూరు ఆడపడుచు

అమ్మేవాళ్ల వైపు నుంచి ఒకరు మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడతా. తిట్టుకోకండి.

మా అమ్మమ్మ పట్టెమంచానికి నేనే 1,20,000 పెట్టాను. స్టోన్‌హౌస్‌పేట అన్న చెప్పిన లెక్కలో అది ముప్పై వేలు చేస్తే గొప్పే, నాకు తెలుసు. మా అన్నయ్య ఒంగోల్లో ఫ్లాటు కొన్నాడు. పాతింట్లోది ఏదీ ఫ్లాటుకి రాదు, అమ్మేయ్ అన్నాడు. మా ఆయనేమో మన ఇంట్లో చోటెక్కడుంది అన్నాడు. సరే, అమ్ముతానని ప్రకటన పెట్టాను. ఎవరూ కొనని ధర పెట్టాను. ఏడాదిన్నర అయింది. 'ప్రకటన పెట్టాంగా, పార్టీ రావాలి కదా' అంటే ఇద్దరూ నోరెత్తరు. ఆ మంచం తలవైపు చెక్క మీద చిలకలుంటాయి. ఒక చిలక ముక్కు చిన్నప్పుడు నేనే విరగ్గొట్టాను. దాన్ని ఎవరికో ఎట్లా ఇస్తాను?

ఏడాదిన్నరలో బేరమాడకుండా 1,20,000కి ఒప్పుకున్నది ఒకే ఒక్కడు. మిలిటరీలో పని చేస్తున్నానన్నాడు. మంచం చూడనక్కర్లేదు, లారీ పంపిస్తానన్నాడు. అడ్వాన్సు వేస్తున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. డబ్బు రావడానికి పిన్ ఎందుకు కొట్టాలి నాయనా అన్నాను. పెట్టేశాడు. మాస్టారూ, మీ కోవూరు అబ్బాయికి కూడా ఎవరైనా 25,000కి ఒప్పుకుంటే ఇట్లాంటివాడే అయ్యుంటాడు. ముందే చెప్పి ఉంచండి.

స్టోన్‌హౌస్‌పేట పాతసామాను

అమ్మా, ఆ మంచం అమ్మకండి. ధర ఇంకో యాభై వేలు పెంచండి.

ఇంకొకటి మరిచిపోయా. 'వందేళ్ల యాంటిక్, ఫారిన్‌వాళ్లు కొంటారు' అని రాసేవాళ్లకి తెలియదు గానీ, 1972 చట్టం ఒకటుంది. వందేళ్లు దాటి, పురావస్తువు కిందికి వచ్చేదాన్ని ప్రైవేటువాళ్లు దేశం దాటించకూడదు. ఇక్కడ అలాంటివి వ్యాపారంగా అమ్మాలన్నా లైసెన్సు ఉండాలి. అంటే నిజంగా యాంటిక్ అయితే ఫారిన్ పోదు, ఫారిన్ పోతే యాంటిక్ కాదు. ఇది చెప్తే ఇద్దరు వెంటనే 'వందేళ్ల' తీసేసి 'తొంభై ఏళ్ల' అని మార్చారు.

కావలి మాస్టారు

అందరికీ థాంక్స్. మళ్లీ పోయి వచ్చాను, జరిగింది చెప్తాను.

ఫోను నంబరు బ్లాక్‌లో ఉంది కాబట్టి నేరుగా ఇంటికే పోయాను. గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదని ముందే చెప్పాను. నంబర్ 1, నంబర్ 5 తేడా ఫొటోల్లో చూపించాను. స్కేలు పెట్టి కొలిచాం. 14 అంగుళాలు వచ్చింది. వెనక 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' కూడా ఉంది. ఆ అబ్బాయి చాలాసేపు చూశాడు. "అయినా సార్, పది వేల కంటే తగ్గించలేను, మా నాన్న ఒప్పుకోడు" అన్నాడు. వాళ్ల నాన్న వరండాలో పేపరు చదువుకుంటున్నాడు, ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను 2,500 అన్నాను. కుదరలేదు. నాకు కోపం రాలేదు. ఆ ధర దించితే తను మోసపోయినట్టు అనుకుంటున్నాడని మొహంలో తెలిసిపోతోంది.

బయటికి వస్తుంటే పెరట్లో వాళ్లమ్మ కొబ్బరి మట్టలు కొడుతోంది. దేంతో అనుకున్నారు? బాడిసతో. వడ్రంగులు చెక్క చెక్కే పనిముట్టు అది, కమ్మరి కొలిమిలో చేసిన బాడిస. మొద్దుబారిపోయింది, పిడి చీలిపోతే సైకిల్ ట్యూబు చుట్టారు. ఇనుము మీద సుత్తి దెబ్బలు వరసగా కనపడుతున్నాయి. వంపు చూస్తే చెయ్యి తిరిగినవాడు చేసిందని తెలిసిపోతుంది. ఇది అమ్ముతారా అమ్మా అంటే, "దీనికి డబ్బులేంది సామీ, ఎప్పుడూ ఆ మూల పడుండేదే, తీసకపో" అంది. ఊరికే వద్దని 200 ఇచ్చి, మట్టలు కొట్టుకోడానికి కొత్త కత్తి కొనివ్వమని ఆ అబ్బాయికి ఇంకో 300 ఇచ్చాను. దాని మీద ఇంగ్లీషు అక్షరం ఒక్కటి ఉన్నా నాకు దక్కేది కాదు.

తుప్పు చింతపండుతో రుద్దుతున్నాను, దిగుతోంది. స్టోన్‌హౌస్‌పేట అన్నా, పిడికి ఏ కర్ర వేయించమంటావు?

స్టోన్‌హౌస్‌పేట పాతసామాను

తుమ్మ. బాగా ఎండింది చూసి వేయించు, పచ్చిది వేస్తే నెలకే వదులైపోతుంది. చింతపండు కడిగేశాక వెంటనే తుడిచి కొబ్బరినూనె రాయి.

చిత్రికకి తొందరపడొద్దు. సంక్రాంతికి ఇళ్లు సున్నాలేసేటప్పుడు మూలల్లో ఉన్నవన్నీ బయటికొస్తాయి. నేను భోగికి ముందు వారం రోజులు దుకాణం మూసి ఊళ్ల మీద తిరుగుతా. పోయిన భోగి తెల్లవారుజామున బుచ్చిరెడ్డిపాళెం పక్క ఊళ్లో మంటలో సగం కాలిన వాలుకుర్చీ చేతులు రెండు లాగాను. మంచి టేకు. ఆ ఇంటాయన అదే కుర్చీని ప్రకటనలో 40,000కి పెట్టి ఉన్నాడు. తీసేయడం మర్చిపోయాడంట.