డీసీపీయూలో కొత్తగా చేరాను, పిల్లాణ్ని హోంలో వేయించమని తల్లి అడుగుతోంది, ఏం చేయాలి?

కొత్త_సోషల్‌వర్కర్:
అందరికీ నమస్తే. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్‌వర్క్‌లో పీజీ) అయ్యాక ఈమధ్యే పాలమూరు వైపు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో (డీసీపీయూ) కాంట్రాక్టు మీద చేరాను. ఒక కేసు బాగా టెన్షన్ పెడుతోంది. ఒక తల్లి, భర్త చనిపోయాడు, కూలి పని, ఇద్దరు పిల్లలు. తొమ్మిదేళ్ల పెద్దోణ్ని ఎక్కడైనా పిల్లల హోంలో వేయించమని వెళ్లిన ప్రతిసారీ బతిమాలుతోంది, వాడేమో అమ్మ కొంగు వదలడు. నేను ఫైలు తెరవగానే ఆమె మాట ఆగిపోతుంది, చుట్టుపక్కలవాళ్లు గుమ్మం దగ్గర చేరతారు. ఎలా మాట్లాడించాలి? హోంకు రాస్తే వాడికి నిజంగా మంచిదేనా?

ఫీల్డ్_అక్క:
చెల్లీ, తొందరపడి రాయకు. పేదరికం ఒక్కటే కారణమైతే బిడ్డను తల్లి నుంచి తీయనక్కర్లేదు, 2015 బాలల న్యాయ చట్టం కూడా సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమనే అంటుంది. హోం అని ఆమె నోట వస్తున్నా ఆ తల్లికి కావాల్సింది వాడి తిండీ చదువూ. పిల్లల రక్షణకున్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ కింద బిడ్డకు నెలకు 4,000 ఇస్తారు, భర్త లేని తల్లి పిల్లలు అర్హులే, కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి 72,000, పట్నంలో 96,000 దాటకూడదు. డబ్బు ఫలానా నెలలో పడుతుందని మాత్రం మాటివ్వకు, ఆ మాట నమ్మి వాళ్లు అప్పు చేస్తారు.

ఇక ఫైలు సంచిలోనే ఉంచు. ఆ ఇంట్లో ఏ పని జరుగుతుంటే అందులో కూర్చో. ఒకసారి ఒకమ్మ పల్లికాయలు ఒలుస్తుంటే నేనూ చాటలో చెయ్యి పెట్టా, సగం అయ్యేసరికి అప్పు ఎంతుందో, వడ్డీ ఎంతో, రాత్రి పిల్లలు ఏం తిని పడుకున్నారో అన్నీ తనే చెప్పింది.

నల్గొండ_అన్న:
అక్క చెప్పింది కరెక్టు, కానీ ముందు భర్త మరణ ధ్రువీకరణ పత్రం ఉందా చూడమ్మా. చాలా ఇళ్లలో ఉండదు. అది లేకుంటే స్పాన్సర్‌షిప్ ఫైలూ కదలదు, ప్రభుత్వ వితంతు పింఛను కూడా రాదు. చనిపోయి ఏడాది దాటినా నమోదు కాకపోతే మెజిస్ట్రేట్ ఆర్డరు కావాలి, ఆ తిరుగుడు కూలి మానుకుని ఆమె ఒక్కతే చేయలేదు. నువ్వు వెంట వెళ్లు. ఆమెతో పాటు తహసీల్దారు ఆఫీసు బెంచీ మీద కూర్చోవడం కూడా మన ఉద్యోగమే.

సీడబ్ల్యూసీ_మాజీ_సభ్యురాలు:
ఒక్క జాగ్రత్త. తల్లి అంతగా పంపేయాలంటోందంటే ఇంట్లో ఎవరైనా పిల్లాణ్ని కొడుతున్నారేమో, ఇంకేమైనా చేస్తున్నారేమో అని కూడా చూడాలి. వాడితో విడిగా మాట్లాడండి, ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు పెట్టకండి, లైంగిక వేధింపు అని తెలిస్తే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అలాంటి ఇంట్లో బిడ్డను ఉంచకూడదు, బయటికి తెచ్చిన 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ముందుకు తీసుకురండి. రాత్రి పూటైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

కొత్త_సోషల్‌వర్కర్:
అక్కా, అన్నా, మేడమ్, చాలా థ్యాంక్స్. విడిగా మాట్లాడాలన్న ఆలోచనే నాకు రాలేదు. సోమవారం అంగన్‌వాడీ టీచర్‌ను వెంటబెట్టుకుని వెళ్తాను, వాడు స్కూల్లో ఉన్నప్పుడు అక్కడే కలుస్తాను. మరణ పత్రం సంగతి పంచాయతీ కార్యదర్శికి ఇవాళే ఫోన్ చేసి అడుగుతా.