హీటర్ పైపు తుప్పు పట్టిపోయింది: మార్చాలా, బైపాస్ కొట్టేయాలా?

పాత_జెన్_ఖమ్మం:
2001 మోడల్ మారుతి జెన్ కారు. రేడియేటర్‌లో నీళ్లు ఊరికే తగ్గుతున్నాయని చూపిస్తే, ఇంజన్ వెనక నుంచి హీటర్ హోస్ ఎక్కే స్టీల్ పైపు దగ్గర లీకని తేలింది. హోస్ లాగగానే పైపు చివర అప్పడంలా పెళపెళా విరిగిపోయింది. కొత్త పైపు ధర పెద్దదేం కాదు, పైనున్నవన్నీ విప్పాలి కాబట్టి లేబరే ఎక్కువట. మెకానిక్ ఏమో "మన ఎండలకి హీటర్ దేనికి సార్, బైపాస్ కొట్టేద్దాం" అంటున్నాడు. ఏం చేయమంటారు?

బెజవాడ_బండి:
అతను చెప్పిందే కరెక్ట్ అన్నా. మే నెలలో మా ఊళ్లో కారెక్కితే అదే హీటర్. బైపాస్ చేసి, మిగిలిన డబ్బుతో టైర్లు చూసుకోండి.

చలికాలం_పాడేరు:
అందరూ బెజవాడలోనే ఉండరు కదండీ. డిసెంబర్‌లో తెల్లవారుజామున ఘాట్ రోడ్డెక్కితే అద్దం లోపలంతా ఆవిరి పట్టేస్తుంది, వేడిగాలి లేకపోతే ఒక చేత్తో గుడ్డ, ఒక చేత్తో స్టీరింగ్. పైగా ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే హీటర్ ఫుల్‌గా పెట్టి కొంత వేడి దింపొచ్చు. అది కూడా చిన్న రేడియేటరే.

స్పానర్_సెట్:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. బైపాస్ అంటే హీటర్‌కి పోయే హోస్‌నీ, వచ్చే హోస్‌నీ కలిపి నీళ్లని అక్కడి నుంచే వెనక్కి తిప్పడం. ఆయన పైపు కుళ్లింది ఇంజన్ వైపు! లూప్ వేసినా ఆ హోస్ ఎక్కాల్సింది ఆ కుళ్లిన ముక్క మీదే కదా? ఇక బోల్టు దూర్చి, క్లిప్పు బిగించి డమ్మీ కొడతానంటే అస్సలు ఒప్పుకోకండి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి నీళ్లు వదిలే వాల్వ్) తెరుచుకునేదాకా నీళ్లు తిరిగేది హీటర్ దారిలోనే, అది మూసేస్తే హెడ్ దగ్గర, అంటే ఇంజన్ పైభాగంలో, వేడి నిలబడిపోతుంది. జెన్‌ది అల్యూమినియం ఇంజన్, హెడ్ వంగిందంటే ఈ లేబర్ ఎంత అనిపిస్తుంది?

బెజవాడ_బండి:
మరీ భయపెట్టకండి. తుప్పు పట్టినంత మేర కోసేసి కాస్త పొడుగు హోస్ వేస్తే సరిపోదా?

స్పానర్_సెట్:
లోపల మంచి ఇనుము మిగిలుంటే ఓకే, కానీ కోసిన చోట అంచు ఉబ్బు ఉండదు, ప్రెషర్‌కి హోస్ జారి ఊడొస్తుంది. బీడింగ్, అంటే ఆ ఉబ్బు, మళ్లీ కొట్టించగలిగితేనే ఆ పని. నన్నడిగితే కొత్త పైపే, దాంతోపాటు రెండు హోసులూ, క్లిప్పులూ. బోరు నీళ్లు మాత్రం వద్దు, ఈ తుప్పంతా సాధారణంగా వాటి పుణ్యమే. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

పాత_జెన్_ఖమ్మం:
సరే, పైపే తెప్పిస్తున్నా. రాగి పైపు వంచి వేస్తానంటున్నాడు ఇంకొకాయన, అదెలా ఉంటుంది?

చలికాలం_పాడేరు:
రాగి అయితే చివర్లకి బీడింగ్ ఉండాలి, కదలకుండా క్లాంపూ పడాలి, లేదంటే వైబ్రేషన్‌కి చీలుతుంది. పాత పైపు కొలత తీసుకోకుండా మాత్రం పారేయనివ్వకండి. నింపేటప్పుడు హీటర్ లివర్ వేడి వైపు పెట్టమనండి, గాలి బుడగలు ఆగేదాకా క్యాప్ బిగించొద్దు.