ఎంటర్ కొడితే సగం మెసేజే వెళ్తోంది: కీడౌన్ ఉంచాలా, తీసేయాలా?

కొత్త డెవలపర్:
మా చాట్ బాక్స్‌లో ఎంటర్ నొక్కగానే మెసేజ్ వెళ్లేలా కీడౌన్ ఈవెంట్‌కి (కీ నొక్కగానే బ్రౌజర్ ఇచ్చే కబురు) కోడ్ రాశాను. ఇంగ్లిష్‌లో ఏ ఇబ్బందీ లేదు. నిన్న మా అమ్మ ల్యాప్‌టాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొడుతూ, కింద కనిపించిన మాటల్లోంచి 'రేపు' ఎంచుకుందామని ఎంటర్ నొక్కింది. మాట పడకుండానే సగం మెసేజ్ వెళ్లిపోయింది. "నేను పంపలేదురా, అదే పోయింది" అంది. కీడౌన్ తీసేద్దామంటే టీమ్‌లో ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

ఫారం పక్షం:
తీసేయండి. ఇన్‌పుట్‌ను ఫారంలో పెట్టి, ఫారం పంపేటప్పుడు వచ్చే సబ్మిట్ ఈవెంట్ వినండి. మాటను ఖాయం చేసే ఎంటర్ ఏదో, పంపే ఎంటర్ ఏదో బ్రౌజర్‌కి తెలుసు. ఆ పని మనం మళ్లీ రాయడం ఎందుకు?

కీడౌన్ పక్షం:
ఒక్క లైన్ సెర్చ్ బాక్స్‌కైతే మీ మాటే నిజమండి. చాట్‌కి టెక్స్ట్‌ఏరియా, అంటే చాలా లైన్లు పట్టే బాక్స్ కావాలి. అందులో ఎంటర్ అంటే కొత్త లైనే, ఫారం దానంతటది వెళ్లదు. కాబట్టి కీడౌన్ తప్పదు. అయితే ముందు ఈజ్‌కంపోజింగ్ (మాట ఇంకా ఖాయం కాలేదా అని చెప్పే గుర్తు) చూడాలి, అది ట్రూ అయితే ఏమీ చేయకుండా రిటర్న్ అవ్వాలి. ఇక్కడే సఫారీతో తలనొప్పి: దాని చాలా వెర్షన్లలో కంపోజిషన్‌ఎండ్ (మాట ఖాయమైందనే ఈవెంట్) ముందే వచ్చేస్తుంది, ఆ వెనక వచ్చే కీడౌన్‌లో ఈజ్‌కంపోజింగ్ ఫాల్స్ అని ఉంటుంది. కీకోడ్ (ఏ కీ నొక్కారో చెప్పే నంబర్) మాత్రం 229, అంటే కీని ఇంకా టైపింగ్ టూలే చూసుకుంటోందని ఉంటుంది. అందుకే రెండూ చూడండి. కీకోడ్ పాతబడింది కదా అని రివ్యూలో ఎవరైనా ఆ లైన్ తీసేయమంటే ఒప్పుకోకండి, పక్కన కామెంట్ కూడా రాసి పెట్టండి.

ఫారం పక్షం:
టెక్స్ట్‌ఏరియా సంగతి ఒప్పుకుంటాను. కానీ పేజీలోనే జావాస్క్రిప్ట్‌తో లిపి మార్చే టూల్స్ ఉన్నాయి. వాటితో కంపోజిషన్ ఈవెంట్లు రాకపోవచ్చు, అప్పుడు మీ రెండు చెక్‌లూ దాటిపోతాయి. పంపే బటన్ ఎప్పుడూ కనిపించాలి, ఎంటర్‌తో పంపడం వద్దనుకునేవాళ్లకి సెట్టింగ్ ఉండాలి. ఇంకొకటి, అక్షరాల లెక్క కీడౌన్‌లో పెట్టారేమో చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో చాలాసార్లు ఏ అక్షరం కొట్టినా 229 అనే వస్తుంది. బాక్స్‌లో రాత మారినప్పుడల్లా వచ్చే ఇన్‌పుట్ ఈవెంట్‌కి మార్చండి. అక్కడ కూడా 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి జావాస్క్రిప్ట్ లెంత్ 6 చూపిస్తుంది, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కేస్తుంది కాబట్టి. ఆ లెక్కతో లిమిట్ పెడితే తెలుగువాళ్లకే అన్యాయం.

కీడౌన్ పక్షం:
బటన్, సెట్టింగ్ రెండూ సరే. డీఫాల్ట్‌గా మాత్రం ఎంటర్ పంపాల్సిందే, వాడేవాళ్లకి అదే అలవాటు.

కొత్త డెవలపర్:
రెండు చెక్‌లూ పెట్టి అమ్మ చేత మళ్లీ కొట్టించాను. మొదటి ఎంటర్‌కి 'రేపు' పడింది, రెండోదానికి మెసేజ్ వెళ్లింది. అక్షరాల లెక్క కీడౌన్‌లోనే ఉంది, ఇప్పుడే మారుస్తున్నాను.