సత్యభామ ప్రవేశ దరువు: విదేశీ లైబ్రరీ వీడియోలను డిసర్టేషన్‌కి ఎలా వాడాలి?

ప్రశ్న (నాట్యవిద్యార్థిని, విజయవాడ)
నమస్కారమండీ. ఎంపీఏ (ప్రదర్శన కళల్లో పీజీ) చేస్తున్నాను. కూచిపూడి వారి భామాకలాపంలో ప్రవేశ దరువు, అంటే సత్యభామ రంగం మీదికి వచ్చే పాట మీద డిసర్టేషన్. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ జెరోమ్ రాబిన్స్ డాన్స్ విభాగం కేటలాగ్‌లో వెతికితే చాలా తక్కువ వస్తున్నాయి. వచ్చినవాటిలో కొన్ని ఇక్కడ తెరుచుకోవట్లేదు. చూసేటప్పుడు ఏమేం రాసుకోవాలో కూడా చెప్పగలరు.

జవాబు (కేటలాగు మనిషి, గుంటూరు)
తక్కువ రావడానికి ముఖ్య కారణం స్పెల్లింగే అమ్మా. అమెరికా లైబ్రరీల లిప్యంతరీకరణలో చకారానికి ‘సి’ ఒక్కటే, పక్కన ‘హెచ్’ ఉండదు. కూచిపూడిని రెండు రకాలుగానూ కొట్టండి. మన ఇంటిపేర్లతో ఇంకో చిక్కు: వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఒకచోట వేదాంతం కింద, ఇంకోచోట శర్మ కింద ఉండొచ్చు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి అని ఇంటిపేరు ఒక్కటే కొట్టి చూడటం మేలు.

తెరుచుకోకపోవడం మీ నెట్ తప్పు కాదు. హక్కుల కారణంగా చాలా వీడియోలు లింకన్ సెంటర్‌లోని ఆ లైబ్రరీ భవనంలోనే చూడాలి. కేటలాగ్‌లో వీడియోకిచ్చిన గుర్తింపు సంఖ్య (కాల్ నంబరు) రాసి లైబ్రరీకి మెయిల్ పెట్టండి. ప్రదర్శన తేదీ, స్థలం, నిడివి, పాడిందెవరు, నట్టువాంగం (తాళాలు వేస్తూ జతులు చెప్పడం) ఎవరు అని విడివిడిగా అడగండి.

జవాబు (లయజ్ఞాని, విజయవాడ)
కలం పట్టేముందు వేగం సరిచూడండి. 24 ఫ్రేముల ఫిల్మును 25 ఫ్రేముల వీడియోగా నడిపితే వేగం 4 శాతం పెరుగుతుంది, శ్రుతి కూడా అర్ధస్వరానికి కాస్త తక్కువగా పైకెళ్తుంది. 16, 18 ఫ్రేముల మూకీ ఫిల్మును 24లో నడిపితే అడుగులు తరుముకొచ్చినట్టుంటాయి. అది చూసి ‘అప్పటి కాలప్రమాణం (లయ వేగం) ఎక్కువ’ అని రాస్తే వాదమంతా కూలిపోతుంది. అలాంటి ప్రతి దొరికితే లయ జోలికి పోకుండా అంగవిన్యాసం వరకే రాయండి.

మొదటిసారి బొమ్మ చూడకుండా విని, తాళం వేస్తూ ఆవర్తాలకు (తాళం ఒక చుట్టు పూర్తయితే ఒక ఆవర్తం) అంకెలు వేయండి. తర్వాత శబ్దం కట్టేసి పాదాలు. ఆ తర్వాతే హస్తాలు, దృష్టి. నిమిషాల లెక్క ఒక్కో కాపీకి ఒక్కోలా మారుతుంది, ఆవర్తం లెక్క మారదు. సత్యభామ తెర వెనక నుంచి తెర మీదుగా జడ ఇవతలికి వేసే ఘట్టంలో జడ ఏ ఆవర్తంలో, తాళంలో ఏ అక్షరం (లెక్క) మీద తెర దాటింది, తెర ఎప్పుడు దించారు, సూత్రధారుడు ఎటువైపు నిలబడ్డాడు, ఇవన్నీ పట్టుకోండి. కెమెరా దగ్గరికొచ్చి పాదాలు కనబడకపోతే ‘పాదాలు ఫ్రేములో లేవు’ అనే రాయాలి. గజ్జెల చప్పుడు విని అడుగులు ఊహించి నింపకూడదు.

ప్రశ్న అడిగినవారు
చాలా సంతోషమండీ. మధ్యలో తాళం లేని వచనం (మాటలు) వస్తే ఆవర్తం లెక్క ఎలా?

జవాబు (లయజ్ఞాని)
అక్కడ లెక్క ఆపేసి, వచనం మొదటి మాట, చివరి మాట, సమయం రాసుకోండి. తాళం ఎత్తుకున్నాక పాత అంకె నుంచే కొనసాగించండి.

జవాబు (కృష్ణాతీరం)
వీడియో ఏ బాణీదో ముందే తేల్చుకోండి. వెంపటి చినసత్యం గారు మద్రాసులో తీర్చిదిద్దిన నృత్యనాటకం వేరు, ఊరి మేళం ఆడే కలాపం వేరు. రెంటినీ కలిపి ‘సంప్రదాయం’ అంటే వైవాలో (మౌఖిక పరీక్షలో) నిలదీస్తారు. పామర్రు మీదుగా కూచిపూడి వెళ్లి, సిద్ధేంద్రయోగి కళాపీఠంలో పెద్దవాళ్లకు మీ ఆవర్తాల పట్టిక చూపించండి. గైడు సంతకంతో కాలేజీ ఉత్తరం వెంట ఉంచుకోండి.